దేవుని బల్ల మీది బ్యాటరీ

శాంసన్‌కు డ్రిల్లు కావలసి వచ్చింది ధనమ్మ మోకాళ్ల వల్ల.

చేవెళ్ల నుంచి ముడిమ్యాల పోయే దారిలో వాళ్లది చిన్న ఊరు. ఊరి చర్చిలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. మోకాళ్లు అరిగిపోయిన ధనమ్మ కింద కూర్చోలేక ఎండాకాలం నుంచి ఆదివారాలు రావడమే మానేసింది. ఆమె కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయిస్తానని పాస్టరు గారు ఇంటికి వెళ్లి మరీ చెప్పారు.

"అందరు కింద కూసుంటే నేనొక్కదాన్నే కుర్చీ ఎక్కి దొరసాని లెక్క కూసుంటనా? వద్దయ్యా. నా మంచమే నాకు చర్చి," అని ఆమె ఆయనకు చాయ్ ఇచ్చి పంపించేసింది.

ఆ మాటను ఊళ్లో అందరూ నవ్వుకుంటూ చెప్పుకున్నారు. శాంసన్ మాత్రం నవ్వలేకపోయాడు. కోత పండుగ పాటను ముప్పై ఏళ్లుగా ఎత్తుకునేది ధనమ్మ. ఆమె వెనకాలే, ఒక మెట్టు కింద నుంచి వచ్చి కలిసే గొంతు శాంసన్ భార్య కృపాజ్యోతిది. కృపాజ్యోతి పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత కూడా ధనమ్మ పాడుతుంటే ఆ రెండో గొంతును అతని చెవి తనంత తానే కలిపేసుకునేది. ఇప్పుడు ధనమ్మ రాకపోయేసరికి రెండు గొంతులూ ఒకేసారి పోయినట్టయింది.

అందుకే సంఘం మీటింగులో ఎన్నడూ నోరు తెరవని మనిషి లేచి నిలబడ్డాడు. "పొట్టి బెంచీలు చేసిస్త. ఆరు చేస్త. మోకాళ్ల నొప్పులున్న ఆడోళ్లంత ఒక్క వరుసల కూసుంటరు. అందరికి ఒకటే ఎత్తు. కోత పండుగ నాటికి తయారుంటయి."

కబురు ధనమ్మకు చేరింది. ఆమె దగ్గర నుంచి తిరుగు కబురు వచ్చింది. "అందరు కూసుంటే నేను గూడ కూసుంట. పాట గూడ నేనే ఎత్తుకుంట. బెంచీ ఊగిందంటె మాత్రం లేసి ఇంటికి పోత. మల్ల రాను."

ఊళ్లో ఉన్న ఇద్దరు వడ్రంగులూ మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లకు తలుపులు బిగించడానికి పోయి నెలలు గడుస్తున్నాయి. చేవెళ్ల సామిల్లులో వేప పలకలు కొలత ప్రకారం కోయించుకుంటే, మిగిలింది స్క్రూలు బిగించడమే కదా అనుకున్నాడు శాంసన్. మొదటి బెంచీ పూర్తయ్యేసరికి మణికట్టు పూరీలా పొంగింది. చర్చి ఆవరణలో కరెంటు ప్లగ్గు లేదు. ఉన్న ఒక్కటీ లోపల, వేదిక పక్కన, మైకు కోసం పెట్టింది. కాబట్టి వైరు లేని డ్రిల్లు కావాలి, బ్యాటరీతో నడిచేది.

చేవెళ్ల కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన మనిషి ఏదైనా ఊరికే కొనడు. ముందు దాని గురించి దొరికిందంతా చదువుతాడు. చదివినకొద్దీ శాంసన్‌కు తెలిసిందేమిటంటే, ఏ కంపెనీ డ్రిల్లుకు ఆ కంపెనీ బ్యాటరీయే పడుతుంది. పసుపు రంగు కంపెనీది నీలం రంగు దాంట్లో దూరదు. నీలందాన్ని ఎర్రది రానివ్వదు. రేపు రంపం కొన్నా, గడ్డి కోసే మిషను కొన్నా అదే కంపెనీ గడప తొక్కాలి. కాబట్టి నిజానికి కొనేది డ్రిల్లును కాదు, బ్యాటరీని. ఈ సంగతి తెలిశాక అతనికి నిద్ర పట్టడం తగ్గింది. కొన్నాళ్లుగా వంట చేసుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ ఫోనులో డ్రిల్లుల వీడియోలే వింటున్నాడు.

"ఏం సారూ, ఇంక చూస్తనే ఉన్నవా?" పక్కింటి గోడ మీద మోచేతులు ఆనించి అడిగాడు యాదయ్య. "మా తమ్మునికి పిల్లను గూడ గింత తీరిగ్గ చూడలే మేము."

"పిల్లనైతే ఒక్క పూటల చూసొస్తరు యాదన్నా. బ్యాటరీతోని పదేండ్లు ఎల్లదీయాలె."

యాదయ్యకు క్యారెట్ తోట, చామంతి తోట ఉన్నాయి. ఒకసారి సర్పంచుగా గెలిచాడు, ఒకసారి ఓడాడు. రెండు సంగతులూ సమానమైన సంతోషంతో చెప్తాడు. అతని దగ్గర గడ్డి కోసే మిషను, కొమ్మలు కత్తిరించే రంపం, మందు కొట్టే పంపు ఉన్నాయి. అన్నీ పసుపు కంపెనీవే. వాటి బ్యాటరీలు నాలుగు వాళ్ల వసారాలో చంటిపిల్లల్లా వరుసగా పడుకుని ఉంటాయి.

"నావి ఇరవై వోల్టులు. నువ్వు చూసే నీలంది పద్దెనిమిదే. అంకె దాని మీదనే రాసున్నది, సదువుకున్నోనివి, సదువుకో."

"రెండు ఒకటే అన్నా. నిండుగ చార్జింగున్నప్పుడు ఇరవై, పని మొదలువెడితె పద్దెనిమిది. మీ కంపెనోళ్లు పెద్ద అంకె రాసుకున్నరు, అంతే."

"ఓర్వలేని మాట," అన్నాడు యాదయ్య తృప్తిగా.

పసుపుది తీసుకో, నా బ్యాటరీలు వాడుకో అని అతడు ఎన్నడూ అనలేదు. అనకుండానే రోజూ గోడ దగ్గరికి వచ్చి అక్కడే నిలబడి బ్యాటరీలు మార్చేవాడు. శాంసన్‌కు అర్థం కాకపోలేదు. కానీ కృపాజ్యోతి పోయాక అతడు తనకు తాను ఒక నియమం పెట్టుకున్నాడు. ఎవరికీ బరువు కాకూడదు. యాదయ్య భార్య అరుణమ్మ కూర పంపితే గిన్నె తోమి, అందులో అరటిపండ్లో బత్తాయిలో వేసి మర్నాడే తిరిగి ఇచ్చేవాడు. బ్యాటరీ అప్పు తెచ్చుకుంటే అందులో ఏం వేసి తిరిగి ఇవ్వాలి?

మొయినాబాద్‌లో రత్నాకర్ హార్డువేరు దుకాణం నడుపుతాడు. కాలేజీలో శాంసన్ దగ్గర పుస్తకాలు తీసుకున్నవాడే. అతడు కూడా అదే మాట అన్నాడు. "సార్, మీ పక్కింటి పటేల్ దగ్గర పసుపు బ్యాటరీలున్నయి గద. వట్టి డ్రిల్లు తీస్కపోండ్రి. బ్యాటరీ లేకుంట గూడ అమ్ముతరు, అగ్గువ పడ్తది."

"వద్దు రత్నాకర్. నాది నాకుండాలె," అని శాంసన్ నీలందే తీసుకున్నాడు. డ్రిల్లు, ఒక్క బ్యాటరీ, ఒక చార్జరు.

సాయంత్రం ఆ నీలం పెట్టెను యాదయ్య గోడ మీద నుంచి చూశాడు. "నీలందే తెచ్చినవా?"

"దానికే మంచి పేరున్నదన్నా."

"మంచిది, మంచిది," అని అతడు లోపలికి వెళ్లిపోయాడు. తర్వాతి రోజుల్లో గోడ దగ్గర ఎగతాళి వినిపించలేదు. ఎగతాళి లేని గోడ చాలా ఎత్తుగా ఉంటుందని శాంసన్‌కు అప్పుడే తెలిసింది.

డ్రిల్లు మాత్రం పేరుకు తగ్గట్టే పని చేసింది. వేప పలకలో స్క్రూ వెన్నలో వేలు దిగినట్టు దిగేది. పండుగకు రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దుగూకేసరికి నాలుగు బెంచీలు నిలబడ్డాయి. బ్యాటరీ అయిపోయింది. శాంసన్ దాన్ని చర్చి లోపల ఆ ఒక్క ప్లగ్గుకు చార్జింగు పెట్టి, చార్జరును పక్కనున్న ఖాళీ బల్ల మీద ఉంచి ఇంటికి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే, పొట్టిగా కోసిన రెండు పలకలు మార్పించుకోవడానికి చేవెళ్ల సామిల్లుకు పోయాడు.

ఆ బల్ల ఏమిటో తెలియనివాడు కాదు. తొందరలో గుర్తు రాలేదు, అంతే.

కోత పండుగకు ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి ఆ బల్ల మీద పెడతారు. వాటిని వేలం వేస్తారు. వచ్చింది చర్చికి పోతుంది. ఆదివారం పాస్టరు గారికి ఇంకో రెండు ఊళ్లలో కూడా ఆరాధన ఉంటుంది కాబట్టి ఈ ఊళ్లో వేలం శనివారమే. నియమం ఒకటే. దేవుని బల్ల మీదికి వచ్చింది వెనక్కి పోదు. ఒక ఏడాది పాస్టరు గారి గొడుగే పొరపాటున క్యారెట్ల మధ్య ఉండిపోతే, ఆయన కూడా అందరితో పాటు వేలం పాట పాడి దాన్ని దక్కించుకోవలసి వచ్చింది.

మధ్యాహ్నం దాటాక శాంసన్ పలకలతో ఆటో దిగేసరికి వేలం అయిపోయింది. సంఘ పెద్ద అంజిలయ్య ఎదురొచ్చాడు. ఊళ్లో వేలం పాటకు అతని గొంతే గొంతు. ఇప్పుడది బొంగురుపోయి ఉంది.

"శాంసనన్నా, నువ్వు ఉండాల్సింది! ఈసారి ఎవరో పుణ్యాత్ముడు పెద్ద పవర్ బ్యాంకు పెట్టి పోయిండు. నీలంది. చార్జరుతోని సహా! పాస్టరమ్మ దాని మీద చామంతి దండ గూడ ఏసింది. పిలగాండ్లు పోటీ పడి పాడిన్రు. గుమ్మడికాయ కన్న ఎక్కువ పోయింది. ఇచ్చినాయన పేరు గూడ చెప్పలే సూడు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచెయ్యికి తెల్వద్దని ఎంత మంది పాటిస్తున్నరీ దినాల్ల?"

చుట్టూ ఉన్నవాళ్లు ఆ పేరు తెలియని దాత కోసం తలలూపారు.

శాంసన్ చేతిలో పలకలు బరువెక్కాయి. "దేవునికి స్తోత్రం," అన్నాడు. పలకలు కింద దించి అడిగాడు. "ఎవరు పాడుకున్నరు?"

"మన పక్క ప్రొద్దుటూరు నుంచి వచ్చిండు గద, మా మేనల్లుడు ఎజ్రా. రేపు ఆరాధనకు మల్ల వస్తనని అప్పుడే పోయిండు. పొద్దంత ఫోను చార్జింగు అయిపోతదట ఆనికి."

ఒక్క పూటకు అడిగి తెచ్చుకుందామని శాంసన్ నంబరు తీసుకుని పక్కకు వెళ్లి అతని ఫోనుకు చేశాడు. చార్జింగు లేనట్టుంది, పలకలేదు.

శాంసన్ చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. నాలుగు బెంచీలు ఎండలో వరుసగా నిలబడి ఉన్నాయి. నాలుగు చాలవు. ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు కిందే కూర్చోవలసి వస్తుంది. ఒక్కరు కింద కూర్చున్నా ధనమ్మ పైన కూర్చోదు. చేత్తో బిగిద్దామంటే మణికట్టు ఇంకా తగ్గలేదు, బిగువు రాకపోతే బెంచీ ఊగుతుంది. ఊగితే లేచి పోతానని ముందే చెప్పింది. ఆమె ఊరికే అనే మనిషి కాదు.

గుమ్మడికాయ చంకలో పెట్టుకుని యాదయ్య అటు వచ్చాడు. ఓడినా గెలిచినా ఏటా మొదటి గుమ్మడికాయ అతనే పాడుకుంటాడు. "ఏమైంది సారూ? మొకం గట్ల పెట్టినవ్?"

శాంసన్ చెప్పాడు. యాదయ్య ముందు గుమ్మడికాయ కింద పెట్టాడు. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్న ఆ నవ్వు శాంసన్‌కు తన కష్టం మధ్యలో కూడా హాయిగా అనిపించింది.

"అయితె ఆ పుణ్యాత్మునివి నువ్వేనా! దండ కింద ఉంటె నేను గూడ గుర్తువట్టలే! ఎంత మొత్తుకుండొ అంజిలయ్య! మరి చెప్పకపోయినవా?"

"ఎట్ల చెప్పాలె? పాస్టరు గారే గొడుగు కోసం పాట పాడిండు."

"సరె, లే. మొయినాబాద్ పోదాం. ఇంకో బ్యాటరీ తెచ్చుకుందువు."

యాదయ్య బండి వెనక కూర్చుని శాంసన్ మొయినాబాద్ చేరాడు. గాలికి కళ్లు నీళ్లు కారుతుంటే యాదయ్య భుజం వెనక మొహం దాచుకున్నాడు. రత్నాకర్ దుకాణం తెరిచే ఉంది. అదీ దేవుని దయే అనుకున్నాడు.

రత్నాకర్ అంతా విని, నవ్వు ఆపుకోవడానికి పక్కకు తిరిగి ఏదో సర్దినట్టు సర్దాడు. "సార్, నీలం సెట్టు లేదు, బ్యాటరీ విడిగ గూడ లేదు. సోమవారం రాణిగంజ్ నుంచి తెప్పిస్త."

"సోమవారమా? పండుగ రేపే గదా."

శాంసన్ అరల వైపు చూశాడు. పైన ఒక పసుపు డ్రిల్లు ఉంది. కింద బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీగా, పళ్లు ఊడిన నోరులా ఉంది. యాదయ్య మాట్లాడతాడని ఎదురుచూశాడు. నేను ముందే చెప్పలేదా అంటాడు, ఇరవై వోల్టులంటాడు, ఏదో ఒకటి అంటాడు. యాదయ్య ఏమీ అనలేదు. రోడ్డు మీద పోయే లారీలను లెక్క పెడుతున్నట్టు అటే చూస్తూ నిలబడ్డాడు. నోరు మూసుకుని నిలబడటం ఆ మనిషికి ఎంత కష్టమో శాంసన్‌కు తెలుసు. నీలం పెట్టె తెచ్చిన సాయంత్రం కూడా అతడు అలాగే, ఏమీ అనకుండానే, లోపలికి వెళ్లాడు.

ఎవరికీ బరువు కాకూడదని తను ఇన్నాళ్లూ దూరం జరుగుతుంటే, పక్కింటి మనిషి తన బ్యాటరీలు అక్కరలేదన్నాడని నొచ్చుకున్నాడు.

"ఆ పసుపుది దించు రత్నాకర్," అన్నాడు శాంసన్. "వట్టి డ్రిల్లే. బ్యాటరీలు మా అన్న దగ్గరున్నయి."

యాదయ్య అప్పటికీ లారీలనే చూస్తున్నాడు. మొహం తిప్పకుండానే అన్నాడు. "ఇరవై వోల్టులయి."

"పద్దెనిమిదే."

"ఇగ మొదలువెట్టిండు!" అని యాదయ్య బండి తాళం తీశాడు.

ఊరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. యాదయ్య నాలుగు బ్యాటరీలూ సంచిలో వేసుకొచ్చాడు. వాటికి కోసిన గడ్డి వాసన పట్టి ఉంది. శాంసన్ రంధ్రం చేసి స్క్రూ బిగిస్తుంటే యాదయ్య కదలకుండా పలక పట్టుకున్నాడు. పని నడుస్తుండగా ఊళ్లో కరెంటు పోయింది. మైకు పరీక్షిస్తున్న అంజిలయ్య గొంతు మధ్యలో తెగిపోయింది. డ్రిల్లు మాత్రం ఆగలేదు. దాని ముందున్న చిన్న లైటు వెలుగులో ఆఖరి స్క్రూలు దిగాయి. అరుణమ్మ చాయ్ ఫ్లాస్కుతో వచ్చి ఆరో బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూసింది.

"కదుల్తలేదు. మా ఇంటికి గూడ ఒకటి చెయ్ తమ్మీ. ఈయన చెయ్యడు, పలక పట్టుకునేటందుకే పనికొస్తడు."

ఆదివారం పొద్దున ధనమ్మ మనుమరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. గడపలో ఆగి వరుసను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. బెంచీలు ఆరూ నిండేలా ముసలమ్మలు కూర్చున్నారు. అందరి తలలూ ఒకే ఎత్తున ఉన్నాయి. ఆమెకు నడిమిలో చోటు వదిలారు. ధనమ్మ ముందు చేతికర్రతో బెంచీ కాళ్లను తట్టింది. తర్వాత అరచేత్తో నొక్కింది. తర్వాత ఒక పక్కకే బరువు వేసి కూర్చుని చూసింది. మగవాళ్ల వైపు చాప మీద కూర్చున్న శాంసన్ బెంచీ కాళ్లనే చూస్తున్నాడు.

"ఊగుతలేదు," అంది ఆమె, అది బెంచీ తప్పన్నట్టు. "ఎవలు చేసిండ్రు?"

"నేను, యాదన్న."

"యాదయ్య పటేలా! ఓట్లప్పుడు గూడ చర్చిల కూసోలే గదా ఆయన," అంది. బెంచీలు ఎట్లా నిలబడ్డాయో చూద్దామని వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన యాదయ్య అందరితో పాటు నవ్వాడు.

ఇంకా ఆరాధన మొదలు కాలేదు. ప్రొద్దుటూరు నుంచి ఎజ్రా వచ్చాడు. చేతిలో నీలం బ్యాటరీ, దాని మెడలో వాడిపోయిన చామంతి దండ ఇంకా ఉంది.

"ఏం మామా ఇది? ఫోను వైరు పెట్టేటందుకు రంధ్రమే లేదు! రాత్రంత ఎతికిన!"

"దేవుని బల్ల మీదిది వాపస్ లేదు అల్లుడా," అన్నాడు అంజిలయ్య గట్టిగా.

"వాపస్ ఎవరడిగిండ్రు? దీన్ని ఏం చేసుకోవాలెనో జర చెప్పు!"

శాంసన్ లేచాడు. గోడవారగా పెట్టిన సంచిలోంచి నీలం డ్రిల్లు తీసి ఎజ్రా చేతిలో పెట్టాడు. "దీనికి పెట్టి చూడు." బ్యాటరీ టక్కున కూర్చుంది. ఎజ్రా మీట నొక్కాడు, డ్రిల్లు గిర్రున తిరిగింది. చిన్నపిల్లలు కేక వేశారు.

"ఇది నాకా? చందనవెల్లి గోదాములల్ల కెమెరాలు బిగిస్త సారూ నేను. నిచ్చెన మీద వైరు గుంజుకుంట సస్తున్న రోజూ!"

"జోడును ఎందుకు విడదీసుడు? తీస్కపో."

అంజిలయ్య మొహంలో వెలుగు మెల్లగా వచ్చింది. "అన్నా, అంటే నిన్న ఆ దాత..."

"నేను ఇయ్యలే అంజిలయ్యా. నువ్వే ఇప్పించినవ్."

ఆ నవ్వులు సద్దుమణగడానికి పాస్టరు గారు రెండుసార్లు గంట కొట్టించవలసి వచ్చింది. శాంసన్ అన్ని వారాలు చదివి ఎంచుకున్న మంచి పేరున్న డ్రిల్లు ఎజ్రా సంచిలోకి వెళ్లిపోయింది. వెళ్లనీ అనుకున్నాడు.

ధనమ్మ పాట ఎత్తుకుంది. మొదటి చరణం మోకాళ్ల నొప్పి లేని గొంతుతో నిటారుగా లేచింది. కృపాజ్యోతి కలిసే చోటు వచ్చింది. శాంసన్ తల వంచుకుని, చెవి తన పని తాను చేసుకోవడం కోసం ఎదురుచూశాడు. ఈసారి ఆ అవసరం పడలేదు. బెంచీల మీది ముసలమ్మలంతా, కొందరు శ్రుతిలో, కొందరు దాని చుట్టుపక్కల, ఆ మెట్టు కింద నుంచి కలిశారు.

ఇప్పుడు శాంసన్ అరుణమ్మ ఇంటికి బెంచీ చేస్తున్నాడు. రెండు మూడు రోజులకొకసారి బ్యాటరీ కోసం గోడ దాటుతాడు.

"ఇంక నిండలే తమ్మీ," అంటుంది అరుణమ్మ, వసారాలో పీట వేస్తూ. "గంటసేపు పట్టెటట్టున్నది. అప్పటిదాంక రెండు రొట్టెలు తిను."

చార్జరు మీద ఎర్ర లైటు పోయి ఆకుపచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది. ఆ లైటుకు అర్థమేమిటో ఎన్నో వీడియోలు చూసిన శాంసన్‌కు బాగా తెలుసు. అతడు పీట మీద కూర్చుంటాడు, జొన్నరొట్టె విరుస్తాడు. గిన్నెలో ఏం వేసి తిరిగి ఇవ్వాలో ఆలోచించడం ఈ మధ్యనే మానేశాడు.